మెయిన్ ఆపినా ఫ్యాను తిరుగుతోంది

ఎడిటర్ గారికి నమస్కారం.

గంగజాతర మొదలవడానికి ముందు ఆదివారం మీ పత్రిక ఇంటి పేజీలో ఒక చిట్కా వేశారు. లైటు స్విచ్చు పనిచేయకపోతే "మెయిన్ ఆపి, స్క్రూలు విప్పి, కొత్త స్విచ్చు బిగించుకోండి, పది నిమిషాల పని" అని. ఆ నాలుగు లైన్లూ కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించుకున్నాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. కాకపోతే వాటి కింద ఎర్ర పెన్నుతో నేను రాసిన మాటలు కొన్ని చేరాయి. అవి మీకూ తెలియాలని ఈ ఉత్తరం. కాస్త పెద్దదే అయింది, ఓపిక చేసుకుని చదవండి. కత్తిరించాల్సి వస్తే నా సోది కత్తిరించండి, ఇన్వర్టరు సంగతి మాత్రం ఉంచండి.

నేనుండేది తిరుపతి ఎమ్మార్ పల్లెలో. చంద్రగిరి పక్కన ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి 2019లో రిటైరయ్యాను. కరెంటు తెచ్చే ఫేజు, తిరిగి తీసుకుపోయే న్యూట్రల్, భూమిలోకి పోయే ఎర్తు, ఓమ్ నియమం, ఇవన్నీ ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద గీసి సుద్దముక్కలు అరగదీసినదాన్ని. పక్షి కరెంటు తీగ మీద కూర్చుంటే షాకెందుకు కొట్టదో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ బల్ల మీద గీసే స్విచ్చుకు మూత ఉండదు, గోడ మీది స్విచ్చుకు ఉంటుంది. ఆ మూత తీసి లోపల ఏముందో నేను ఏనాడూ చూడలేదు. ఆ పనులు మా ఆయన చూసుకునేవారు. ఆయన పోయి ఆరేళ్ళయింది.

పోయింది పెరటి లైటు. తులసికోట దగ్గర వెలుగు పడేది. సాయంత్రం దీపం పెట్టి స్విచ్చు వేస్తే టక్కున పడలేదు, మెత్తగా దిగింది, అంతే. మామూలుగా మాకు పనిచేసే ఎలక్ట్రీషియన్ కుర్రాడికి మర్నాడు పొద్దున ఫోన్ చేస్తే వాళ్ళమ్మ ఎత్తింది. "వాడు వేషంలో ఉండాడు టీచరమ్మా, ఈ వారం పనికి రాడు" అంది. బుధవారం, బైరాగి వేషం రోజు. జాతరలో రోజుకో వేషం కట్టి గంగమ్మకు మొక్కు తీర్చుకుంటారు. ఒళ్ళంతా తెల్ల సుద్ద పూసుకుని గంగమ్మ గుడికి పోతున్నవాణ్ణి ఆపి స్విచ్చు సంగతి అడిగితే వచ్చేవి బూతులే. అవి జాతరలో మొక్కు కిందే లెక్క కాబట్టి కోప్పడే వీలు కూడా లేదు. జాతర వారం తిరుపతిలో ఎలక్ట్రీషియన్ దొరకడం కంటే కొండ మీద గది దొరకడం తేలిక. ఉన్నవాళ్ళంతా వేషాల్లో ఉంటారు, లేకుంటే వీధి వీధికీ సీరియల్ లైట్లు కడుతుంటారు.

అందుకని మీ చిట్కా ప్రకారం నేనే దిగాను. మీటరు పక్కన మెయిన్ కిందికి లాగాను. వంటింట్లో ఫ్రిజ్ గుర్రుమని ఒక్కసారి వణికి ఆగిన చప్పుడు వినిపించింది. కరెంటు పోయిందని రుజువు దొరికినట్టే అనుకున్నాను. చేతులు తుడుచుకుని, రబ్బరు చెప్పులు వేసుకుని, ప్లాస్టిక్ స్టూలు జరుపుకుని, బోర్డు కింది స్క్రూ మీద స్క్రూడ్రైవర్ ఆనించాను.

మా వీధి చివర రిటైరైన లైన్‌మన్ ఒకాయన ఉన్నారు. డెబ్బై దాటాయి. నేను అన్నా అంటాను. వాళ్ళావిడ పంపిన జాతర అంబలి చెంబు పట్టుకుని సరిగ్గా అప్పుడే వచ్చారు.

"ఏం చేస్తా ఉండారు టీచరమ్మా?"

"స్విచ్చు మారుస్తున్నానన్నా. భయం లేదు, మెయిన్ ఆపేశాను."

ఆయన హాల్లోకి ఒకసారి చూశారు. చెంబు కింద పెట్టారు.

"ఆపినారు, సరే. మరి ఆ ఫ్యాన్ని యెవురు తిప్పతా ఉండారు?"

తల తిప్పి చూశాను. హాల్లో ఫ్యాను గిర్రున తిరుగుతోంది. మే నెల తిరుపతి ఎండలో అది ఆగకుండా తిరగడం నాకు ఎంత అలవాటంటే, మెయిన్ ఆపిన తర్వాత కూడా తిరుగుతోందన్న సంగతి కంటికి ఆనలేదు. నా స్క్రూడ్రైవర్ ఇంకా స్క్రూ మీదే ఉంది. స్టూలు దిగి కూర్చున్నాను. అంబలి ఆయనే గ్లాసులో పోసి ఇచ్చారు.

2021 నవంబరులో తిరుపతి మునిగింది గుర్తుంది కదా. మా ఇంట్లోకి మోకాళ్ళ దాకా నీళ్ళొచ్చాయి. కింది ప్లగ్గులన్నీ మునిగాయి, కరెంటు లేకుండా చీకట్లో గడిపాం. నీళ్ళు తీశాక మా అబ్బాయి బెంగుళూరు నుంచి వచ్చి ఇన్వర్టరు పెట్టించాడు. మెట్ల కింద అటక మీద ఇన్వర్టరు, దాని పక్కన మోయలేనంత బ్యాటరీ. నెలకోసారి డిస్టిల్డ్ వాటర్ చూసుకోవడం తప్ప దాని గురించి నేను ఆలోచించలేదు. కరెంటు పోతే లైట్లు, ఫ్యాన్లు ఉంటాయి, ఫ్రిజ్, గీజరు ఉండవు, అంతే నాకు తెలిసింది. ఎడిటర్ గారూ, ఆ వాక్యంలోనే ప్రమాదం దాక్కుని ఉందని నాకు తట్టలేదు. మనం మెయిన్ ఆపామో, సబ్‌స్టేషన్‌లో కరెంటు తీశారో ఇన్వర్టరుకు తేడా తెలియదు. దానికి రెండూ ఒకటే. లోపలికి వచ్చే కరెంటు ఆగిందంటే రెప్పపాటులో బ్యాటరీ మీదికి మారి అదే 230 వోల్టులు లైట్ల లైనులోకి పంపుతుంది. నేను చెయ్యి పెట్టబోయింది ఆ లైన్లోనే. ఫ్రిజ్ ఆగడం చూసి ధైర్యం తెచ్చుకోవడం, వేరే రైలు వెళ్ళిపోయింది కదా అని పట్టాల మీద నడిచినట్టు.

పోనీ ఇన్వర్టరు బటన్ ఒక్కటి ఆపితే? చాలదు. మాలాంటి ఇళ్ళలో ఉండే ఇన్వర్టర్లు చాలామటుకు, బటన్ ఆపినా మెయిన్ ఉంటే ఆ కరెంటును తమ గుండానే లైట్లకు వదిలేస్తాయి. రెండూ ఆపాలి. అన్న ముందు ఇన్వర్టరు బటన్ నొక్కారు, తర్వాత మెయిన్ చూశారు. ఫ్యాను నెమ్మదిగా నిలబడింది. "ఇప్పుడు ఆగిందిలే" అని నేను లేవబోతే "కూచోండి టీచరమ్మా, ఇంగా ఆగలేదు, ఆగిందని మనం అనుకుంటా ఉండాము" అన్నారు.

ఆ తర్వాత ఆయన చేసిన పని నాకు బాగా నచ్చింది. జేబులోంచి టెస్టర్ తీశారు, కరెంటు తగిలితే లోపల చిన్న దీపం వెలిగే స్క్రూడ్రైవర్ అది. మా మేడ మీద అద్దెకున్నవాళ్ళకు వేరే మీటరు. మెట్ల మలుపులో వాళ్ళ ప్లగ్గు ఒకటి ఉంది. అక్కడికి పోయి కుడివైపు బెజ్జంలో టెస్టర్ పెట్టి చూశారు, వెలిగింది. దిగి వచ్చి మా బోర్డు మూత విప్పి, చెయ్యి తగలకుండా ఒక్కో స్క్రూ మీదా ఆనించారు, వెలగలేదు. మళ్ళీ మెట్లెక్కి అదే ప్లగ్గులో పెట్టారు, వెలిగింది. డెబ్బై ఏళ్ళ మనిషి, మోకాళ్ళు పట్టుకుని రెండుసార్లు ఎక్కి దిగారు. రెండోసారి ఎందుకన్నా అంటే, "ఇందులో చిన్న నియాన్ దీపం ఉండాది కదా. నడిమధ్యలో అది సచ్చిపోయిందనుకో, వెలగలేదు కాబట్టి కరెంటు లేదు అనుకుంటాం. పోయింది కరెంటా దీపమా అని తెలీల్ల" అన్నారు. ప్రయోగశాలలో పరికరాన్ని ముందూ వెనకా సరిచూసుకోవాలని నేను పిల్లలకు చెప్పిన పాఠమే. నా ఇంట్లో నాకు గుర్తు రాలేదు.

టెస్టర్ గురించి ఇంకో మాట. ఎండ పడేచోట దాని వెలుగు కనిపించదు, చేత్తో నీడ పట్టి చూడాలి. సన్నగా మినుకుమన్నా ఉన్నట్టే లెక్క వేసుకోవాలి. వెనక ఉన్న లోహపు బిళ్ళ మీద వేలు పెట్టకపోతే సరిగా వెలగదు. మందపాటి చెక్క పీట మీద నిలబడితే కూడా మసకబారుతుంది, ఎందుకంటే అది వెలగడానికి మన ఒంటి గుండా పిసరంత కరెంటు భూమిలోకి పోవాలి. లోపల పెద్ద రెసిస్టర్ ఉంటుంది కాబట్టి మనకు తెలియదు. పాతబడి పగిలిన టెస్టర్‌ను చెత్తలో వేయండి.

విప్పక ముందే ఆయన నన్ను అడిగిన ప్రశ్న ఇంకోటుంది, దానికి నేను సిగ్గుపడ్డాను. "బల్బు మార్చి చూసినారా?" చూడలేదు. స్విచ్చు మెత్తగా దిగింది కదా, తప్పు దానిదే అని తీర్పు చెప్పేశాను. నిజానికి తప్పు దానిదే అని తర్వాత తేలింది, అది వేరే సంగతి. కానీ స్క్రూడ్రైవర్ తీయకముందు కూర్చున్నచోటి నుంచే తేల్చుకోగలిగినవి చాలా ఉన్నాయట. బాగా వెలిగే బల్బును ఈ హోల్డర్‌లో పెట్టి చూడాలి, అదీ కరెంటు ఆపాకే. అదే బోర్డులో పక్క స్విచ్చులు పనిచేస్తున్నాయా చూడాలి. ఒక్కటే పోతే ఆ స్విచ్చో దాని వైరో. వరసగా రెండు మూడు కలిసి పోతే స్విచ్చులన్నీ ఒకేరోజు చావవు కదా, ఒక స్విచ్చు నుంచి ఇంకో స్విచ్చుకు ఫేజు అందించే లూపు వైరు ఎక్కడో వదులైందన్నమాట. గది మొత్తం పోతే ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే మీట, పడిందేమో చూడాలి. పడితే ఒక్కసారి ఎత్తవచ్చు. మళ్ళీ పడితే మాత్రం మొండికేసి ఎత్తకూడదు, ఎక్కడో షార్టు ఉందని అది మొర పెట్టుకుంటోంది. మూడు ఫేజుల కనెక్షన్ ఉన్నవాళ్ళకు సగం ఇల్లే పోతే ఒక ఫేజు రాలేదేమో పక్కింటివాళ్ళనూ అడగాలి. కొన్ని గదుల్లో లైట్లు మరీ ప్రకాశంగా, కొన్నింట్లో గుడ్డిగా వెలుగుతుంటే అసలు స్విచ్చు జోలికే పోవద్దు. బయటి నుంచి వచ్చే న్యూట్రల్ తెగినప్పుడు అట్లా అవుతుంది. మెయిన్ ఆపేసి, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయాలి. కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్ పెద్దాఫీసు మన ఊళ్ళోనే ఉంది కదా, ఇంట్లో స్విచ్చు పోయినా వాళ్ళే వస్తారనుకునేవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. మీటరు దాటాక ఇంటి లోపలి వైరింగు మనదే.

ఇక మూత తీశాక కనిపించింది చెప్తాను. స్విచ్చు పాతకాలం పియానో మోడల్, ఇల్లు కట్టిన 1988 నాటిదే అనుకుంటాను, పాల రంగు కాస్తా పసుపు తిరిగింది. దాని వెనక ఒక ఎర్రటి పొడి కుప్ప. ఇటుకపొడి అనుకున్నాను. అన్న ఊదితే లేచింది. చచ్చిన ఎర్రచీమలు. వందల్లో ఉంటాయి. బోర్డు వెనక గొట్టంలోంచి వచ్చి స్విచ్చు లోపల ఇత్తడి నాలుక ఆడే చోట ఇరుక్కుని చచ్చాయి. ఆ నాలుక కొన నల్లగా మాడి, గోరు గిల్లినట్టు చిన్న గుంట పడింది. చీమలు అడ్డుపడి నాలుక సరిగా ఆనక, ప్రతిసారీ చిన్న మెరుపు, ఆ మెరుపుకు కొంచెం కొంచెం మాడటం. ఒక వైరు పట్టుకునే స్క్రూ అర చుట్టు వదులు. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే గలగలమంది. ముప్పై రూపాయల స్విచ్చు, లోపల శ్మశానం. కందిరీగలు ప్లగ్గు బెజ్జాల్లో మట్టిగూళ్ళు కట్టడం, బల్లులు బోర్డుల్లో గుడ్లు పెట్టడం అన్న చాలా చూశారట. బోర్డు వెనక గొట్టం మూతిని సరిగా మూయించుకోమన్నారు.

రంగుల సంగతి. ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు అని పిల్లలతో వల్లె వేయించాను. ఇప్పుడు కొత్త వైరింగుల్లో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్ అని కూడా వస్తోంది. నా బోర్డులో స్విచ్చుకు వచ్చిన వైర్లు రెండూ నలుపే. నీళ్ళొచ్చిన ఏడాది ఎవరికి ఏ వైరు చుట్ట దొరికితే అది వేశారు. రంగును నమ్మి వైరు పట్టుకోకూడదని అప్పుడు తెలిసింది. విప్పే ముందు ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోమన్నారు అన్న. ఏది ఎక్కడుందో మళ్ళీ వెతుక్కోకుండా. డెబ్బై ఏళ్ళాయన ఆ మాట చెప్తే ముచ్చటేసింది.

ఐఎస్ఐ గుర్తున్న 6 ఆంపియర్ల కొత్త స్విచ్చు వీధి చివర కొట్టు నుంచి మేడ మీది అబ్బాయి తెచ్చాడు. వైరు మొనను తాజాగా చెక్కి, రాగి తీగలు ఒక్కటీ బయటికి రాకుండా మెలిపెట్టి, స్క్రూ బిగించి, వైరును ఒకసారి లాగి చూశారు. లైటు వెలిగింది. నేను చప్పట్లు కొట్టినంత పని చేశాను.

అన్న ముఖం మాత్రం వెలగలేదు. "ఈ బల్బు రాత్రుల్లో ఆపినాక గూడా సన్నంగా మెరస్తా ఉండాదా?" అని అడిగారు. ఔనన్నాను. ఏడాది పైగా మిణుగురు పురుగులా మెరుస్తోంది, ఎల్ఈడీలు ఇంతే కాబోలు అనుకున్నాను. ఆయన నన్ను దూరంగా ఉండమని, స్విచ్చు ఆపి, బల్బు తీసి, హోల్డర్ లోపల టెస్టర్ పెట్టారు. వెలిగింది. స్విచ్చు ఆపి ఉండగా. ఇది ఆయన చేతి పని, మనం చేయవలసింది కాదు.

ఏమైందంటే, ఆ లైనులో ఎక్కడో ఫేజు, న్యూట్రల్ తారుమారయ్యాయి. స్విచ్చు ఎప్పుడూ ఫేజును తెంచాలి. ఇక్కడ న్యూట్రల్‌ను తెంచుతోంది. రెండింట్లో ఏది తెంచినా బల్బు ఆరుతుంది కాబట్టి బయటికి ఏ తేడా కనబడదు. కానీ ఫేజు మాత్రం రాత్రింబవళ్ళు హోల్డర్ దాకా వచ్చి కూర్చుని ఉంటుంది. నీరెక్కిన గోడ వెంట, పొడవాటి వైరు వెంట పోయే అతి సన్నటి కరెంటుకే ఎల్ఈడీ మినుకుమనగలదు. అన్ని మినుకులకూ కారణం ఇదే కాదు. లోపల ఎర్రదీపం ఉండే స్విచ్చులున్నా, మెట్లకు పైనా కిందా రెండు స్విచ్చులుండే లైటైనా అట్లా మెరవవచ్చు. మా ఇంట్లో కారణం మాత్రం ఇదే. స్విచ్చు ఆపాను కదా అని ధీమాగా ఆ హోల్డర్‌లో నేను ఎన్ని బల్బులు మార్చానో. ఒకసారి కార్తీకమాసం తెల్లవారుజామున, తలస్నానం చేసి, తడి చేతులతో కూడా.

2017లో అనుకుంటా, పదో తరగతి పిల్లవాడొకడు అడిగాడు, "మేడమ్, మా ఇంట్లో స్విచ్చాపినా బల్బు మెరస్తా ఉండాది, ఎందుకు?" అని. సిలబస్‌లో లేదని కూర్చోబెట్టాను. నాయనా, ఎక్కడున్నావో, ఇది చదువుతుంటే మీ ఇంటి హోల్డర్ ఒకసారి ఎలక్ట్రీషియన్‌కు చూపించు.

తడి చేతులంటే గుర్తొచ్చింది, ఒక లెక్క చెప్పాలి, టీచరు బుద్ధి పోదు. ఓమ్ తన నియమాన్ని 1827లో అచ్చు వేశాడు. ఒళ్ళు పొడిగా ఉన్నప్పుడు చర్మం కరెంటుకు బాగానే అడ్డుపడుతుంది, తడిసిందంటే మొత్తం ఒంటి నిరోధం వెయ్యి ఓముల దాకా దిగిపోవచ్చు. 230ని వెయ్యితో భాగించండి. 230 మిల్లీ ఆంపియర్లు. 10 దాటితే చాలు, చేతి కండరాలు బిగుసుకుని పట్టుకున్నది వదలలేం. 30 దగ్గర ఊపిరి పట్టేస్తుంది. ఆపైన గుండె మీదుగా కాసేపు పోతే గుండె లయ తప్పుతుంది. మన 9 వాట్ల ఎల్ఈడీ బల్బు తీసుకునేదే దాదాపు 40. అంటే ఆ చిన్న బల్బుకు సరిపోయే కరెంటు మనిషి ఊపిరి ఆపడానికి చాలినంత.

ఎంసీబీ ఉంది కదా, పడిపోతుంది కదా అని మా చెల్లెలు ఫోన్లో వాదించింది. పడదు. 10 ఆంపియర్ల ఎంసీబీ అంటే పదివేల మిల్లీ ఆంపియర్లు. మనిషి ఒంట్లో 230 పోతుంటే దానికి దోమ కుట్టినట్టు కూడా ఉండదు. ఎంసీబీ కాపాడేది గోడలో వైరును, మనల్ని కాదు. మనల్ని కాపాడగలిగేది ఆర్‌సీసీబీ. ఫేజులో పోయింది న్యూట్రల్‌లో తిరిగి రాలేదంటే, 30 మిల్లీ ఆంపియర్ల తేడా కనబడేసరికి కన్నుమూసి తెరిచేలోగా తెంచేస్తుంది. దాని మీద 'టి' అని బటన్ ఉంటుంది, అప్పుడప్పుడు నొక్కి చూసుకోవాలి, పడిపోతే బాగున్నట్టు. అది ఉన్నా ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నవాణ్ణి అది బల్బు అనుకుంటుంది, కాబట్టి దాన్ని చూసుకుని తెగించకూడదు. ఇన్వర్టరున్న ఇళ్ళలో న్యూట్రళ్ళు కలగలిసిపోయి ఉంటే అది ఊరికే పడుతుంటుంది. తెలిసినవాళ్ళతోనే పెట్టించాలి.

మా ఇంట్లో అది లేదు. మునిగి తేలిన ఇంట్లో.

నేను అన్నను అడిగాను, అసలు నాలాంటిది ఎంతవరకు చేయవచ్చు అని. బల్బు మార్చి చూడటం, ఎంసీబీ చూడటం, ఏది పోయింది ఏది పోలేదు అని కాగితం మీద రాసిపెట్టడం, అంతవరకు మీది అన్నారు. ఆ కాగితం ఉంటే వచ్చినవాడికి సగం పని తగ్గుతుందట. స్విచ్చు ముట్టుకుంటే వెచ్చగా ఉన్నా, చిటపటమన్నా, కాలిన వాసన వచ్చినా, గోడ చెమర్చినా, పాత అల్యూమినియం వైరున్నా, చెయ్యి జిల్లుమన్నా విప్పవద్దు, ఆ లైను ఆపేసి మనిషి కోసం ఆగండి అన్నారు. విప్పే ధైర్యం, తెలివి ఉన్నవాళ్ళు కూడా ఇంట్లో ఇంకో మనిషి లేకుండా విప్పకూడదు, ఆ ఇంకో మనిషికి మెయిన్ ఎక్కడుందో, ఇన్వర్టరు బటన్ ఎక్కడుందో ముందే చూపించి ఉంచాలి. ఎవరికైనా కరెంటు పట్టుకుంటే పరుగెత్తి వాళ్ళను లాగబోవద్దు. ఆ రెండూ ఆపాలి, ఆపలేకపోతే ఎండు కర్రతో తోయాలి, 108కి ఫోన్ చేయాలి. ఇది చెప్పేటప్పుడు ఆయన గొంతు మారింది. సర్వీసులో ఏం చూశారో నేను అడగలేదు.

ఎడిటర్ గారూ, మీరు వేసిన చిట్కాలో నేను కలపమనేది ఎక్కువేం కాదు. "మెయిన్ ఆపి" అన్నచోట "మెయిన్, ఇన్వర్టరు రెండూ ఆపి, ఆగాయని టెస్టర్‌తో ముందూ వెనకా సరిచూసుకుని" అని వేయండి. "పది నిమిషాల పని" అన్న మాట తీసేయండి. ఆ మాటే నన్ను స్టూలు ఎక్కించింది. చదివేవాళ్ళలో ఎంతమంది ఇళ్ళలో మెట్ల కింద బ్యాటరీలున్నాయో మీకూ తెలుసు, ఈ ఊళ్ళో వేసవి సంగతీ తెలుసు.

నేను మాత్రం మెయిన్ పక్కన స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాశాను, "ఇన్వర్టరు కూడా, మెట్ల కింద" అని. ఒక్కో ఎంసీబీ కింద అది ఏ గదిదో రాసి అంటించాను. అందుకు ఒక పూట పట్టింది, ఒక్కోటీ ఆపి ఇల్లంతా తిరిగి చూడాలి కదా. దేవుడి గది లైటు గీజరు లైన్లో ఉందని అప్పుడే తెలిసింది.

జాతర ముగిసిన మూడో రోజు కుర్రాడు వచ్చాడు. చెవుల వెనక ఇంకా తెల్ల సుద్ద ఉంది. మెట్ల కింద జంక్షన్ బాక్సు విప్పి, లైటు పట్టుకుని చాలాసేపు చూశాడు. ఒక అతుకు మీద చుట్టిన నల్ల టేపు కొన పట్టుకుని, "ఇది నేను చుట్టిందే టీచరమ్మా" అన్నాడు. "నీళ్ళొచ్చినప్పుడు. రాత్రి పూట, సెల్ లైట్లో. ఆ నాలుగు దినాల్లో ఈ చుట్టుపక్కల నలభై ఇళ్ళు చేసింటా." రెండు వైర్లూ మార్చి బిగించాడు, ఆర్‌సీసీబీకి కొలతలు రాసుకున్నాడు. నేను నోటుబుక్కులోంచి కాగితం చింపి ఇచ్చి, ఆ నలభై ఇళ్ళూ గుర్తున్నంతవరకు రాయమన్నాను. మెట్ల మీద కూర్చుని, పెన్ను కొరుక్కుంటూ రాశాడు. పందొమ్మిది రాశాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
ఎమ్మార్ పల్లె, తిరుపతి